దానికి బదులు ఇదేస్తే ఏమవతాది?

మా చిన్నాయన కూతురు చిత్తూరులో ఉంటుంది. పోయిన నెల ఒక రాత్రి పదిన్నర దాటాక ఫోను చేసింది. వెనకాల గిన్నెలో చెంచా తిరుగుతున్న చప్పుడు.

“అక్కా, నియాసినమైడు అయిపోయిండాది. దానికి బదులు విటమిన్ సి ఏస్తే ఏమవతాది?”

“ఇప్పుడు కలపతా ఉండావా?”

“కలిపేసినా. అదొకటే ఎయ్యాల.”

నియాసినమైడ్ అంటే మచ్చలకని మొహం క్రీముల్లో వేసే ఒక రకం బి విటమిన్. ఇంట్లో క్రీములు కలుపుకునేవాళ్ళ నుంచి ఈ ప్రశ్న నాకు వారానికొకసారైనా ఏదో ఒక వేషంలో వస్తుంది. మొహం మీది పాత పొట్టు తీసే గ్లైకాలిక్ ఆమ్లం దొరకలేదు, లాక్టిక్ పోయొచ్చా? చందనం పొడి కొనలేం, ఎర్రచందనం కలుపుకుంటే సరిపోదా? ముడతలకని రెటినాల్ రాస్తే మొహం మండుతోంది, దాని బదులు ఇంకేముంది? నేను డాక్టరును కాను, ఏ కంపెనీలోనూ పనిచేయలేదు. తిరుపతిలో పదో తరగతి పిల్లలకు ఫిజికల్ సైన్సు ట్యూషన్ చెప్పుకుంటాను. పదేళ్ళుగా వంటింటి గట్టు మీద ఇంటి మటుకు క్రీములు, సీరమ్‌లు కలుపుకుంటున్నాను. చెడగొట్టిన గిన్నెలు బాగా వచ్చిన వాటికంటే ఎక్కువే. ఆ చెడిపోయినవే ఇక్కడ పనికొస్తాయి.

మా వైపు “బదులు” అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే. రెండోది అప్పు. పక్కింట్లోంచి గ్లాసు చక్కెర తెచ్చుకుంటే బదులు తెచ్చుకున్నట్టు, జీతం వచ్చేదాకా వెయ్యి రూపాయలు అడిగితే చేబదులు. తీసుకున్నది మళ్ళీ ఇచ్చెయ్యాలి. ఇంట్లో క్రీములు చేసుకునేవాళ్ళకు మొదటి అర్థమే గుర్తుంటుంది. ఒక యాక్టివ్‌ను, అంటే క్రీములో అసలు పని చేసే సరుకును, తీసేసి ఇంకోటి వేశామంటే ఎక్కడో అప్పు పడ్డట్టే. అది పీహెచ్‌లో (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం) కట్టాలో, ప్రిజర్వేటివ్‌లో (బూజు, బ్యాక్టీరియా పట్టకుండా వేసేది) కట్టాలో, ఎండలో కట్టాలో ముందే తెలుసుకుంటే బదులు వేయడంలో తప్పేమీ లేదు. తెలుసుకోకుండా వేసి నేను కట్టిన బాకీ ఇప్పటికీ నా మెడ మీద ఉంది, గోధుమ రంగులో, వేలెడు పొడుగున.

నాలుగేళ్ళ కింద బకుచియాల్ అనే పేరు తెగ వినిపించేది. రెటినాల్ పడనివాళ్ళకు ఇదే దారి అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో ఒక పరిశోధన వచ్చింది. 44 మందిని రెండు జట్లు చేసి, 12 వారాల పాటు ఒక జట్టుకు 0.5 శాతం బకుచియాల్ క్రీము రోజుకు రెండుసార్లు, ఇంకో జట్టుకు 0.5 శాతం రెటినాల్ క్రీము రోజుకు ఒకసారి రాయించారు. ముడతలు, మచ్చలు రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. పొట్టు లేవడం, చురచురమనడం మాత్రం రెటినాల్ వాళ్ళకే ఎక్కువ. ఇదంతా చదివి నాకు ఆనందం వేసింది. ఎందుకంటే బకుచి అంటే వేరే ఏదో కాదు, మన బావంచాలే. 1966లో మన దేశపు శాస్త్రవేత్తలే ఆ గింజల్లోంచి దీన్ని వేరుచేసి పేరు పెట్టారు.

బావంచాలు మా ఇంటికి కొత్తవి కావు. మా అవ్వ సున్నిపిండిలో వేసేది. పెసలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు, వట్టివేళ్ళు, ఎండిన రోజా రేకులు, వీటి మధ్య ఒక గుప్పెడు బావంచాలు. మిరపగింజ కంటే కొంచెం పెద్దగా, నల్లగా ఉంటాయి, గోటితో నలిపితే జిడ్డుగా తగిలి ఒక ఘాటు వాసన వస్తుంది. బకుచియాల్ చిన్న సీసా ధర చూస్తే కళ్ళు తిరిగాయి. మూలికల అంగట్లో నూరు గ్రాముల బావంచాలకు అయిన డబ్బు మాత్రం ఆటో చార్జీకి కూడా తక్కువే. ఇంకేం, లెక్క తేలిపోయిందనుకున్నాను. గింజల్ని కచ్చాపచ్చాగా దంచి, నువ్వుల నూనెలో వేసి, గాజు సీసాలో రెండు వారాలు మిద్దె మీద పెట్టి, పలచటి గుడ్డలో వడగట్టాను. చిక్కటి నూనె వచ్చింది. సీసా మీద చీటీ కూడా అంటించాను: “బకుచియాల్ నూనె.”

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున స్నానం చేసి ఆ నూనె మెడకు, ముంజేతులకు పూసుకుని మిద్దె ఎక్కాను. మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టాలి. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాటేదాకా అక్కడే ఉన్నాను. తిరుపతి ఏప్రిల్ ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఏమీ కాలేదు. మరుసటి రోజు సాయంత్రం దురద మొదలైంది, చీమలు పాకినట్టు. మూడో రోజు పొద్దున లేచేసరికి ముంజేతుల మీద ఎర్రటి పట్టీలు, మెడ మీద నూనె కారిన దారి పొడుగునా నీటి పొక్కులు. చేత్తో రాసిన చోట చేతి గుర్తు, కారిన చోట కారిన గుర్తు, అచ్చు గుద్దినట్టు ఉంది. గుడ్డ కప్పిన భుజానికి చిన్న మరక కూడా లేదు.

చర్మవ్యాధుల డాక్టరమ్మ ఆ గీతల్ని చూసి, “ఏం రాసుకున్నారు?” అంది. అంతే, “ఏమైంది?” అని అడగలేదు. చెప్పాక నవ్వు ఆపుకుంటూ, “బొల్లికి ఇచ్చే వైద్యం మీకు మీరే చేసుకున్నారు” అంది.

విషయం ఇది. బావంచాల్లో బకుచియాల్ ఒక్కటే లేదు, సోరాలెన్ అనే ఇంకో పదార్థం కూడా ఉంది. సోరాలెన్ ఒంటికి పట్టాక దాని మీద ఎండలోని యూవీఏ కిరణాలు పడితే అది చర్మకణాల డీఎన్ఏకు అతుక్కుపోయి కణాల్ని దెబ్బతీస్తుంది. బొల్లి మచ్చల మీద బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టే వైద్యం ఆయుర్వేదంలో ఉంది. ఆసుపత్రుల్లో పువా అనే చికిత్స పనిచేసేదీ ఆ కిటుకుతోనే, కాకపోతే అక్కడ మందు మోతాదు, వెలుగు మోతాదు కొలిచి ఇస్తారు. కంపెనీల వాళ్ళు బకుచియాల్‌ను శుద్ధి చేసేటప్పుడు సోరాలెన్‌ను తీసేస్తారు. సీసా ధరలో చాలా భాగం ఆ తీసివేతకే అనుకోవచ్చు. నేను నూనెలో నానబెట్టి రెంటినీ కలిపి దించుకున్నాను. గింజ పేరు చూశానే గానీ గింజలో ఏముందో చూడలేదు.

పొక్కులు పది రోజుల్లో మానాయి. చేతుల మీది నలుపు సంక్రాంతి దాకా ఉంది. మెడ మీది గీత పోలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఉంది: “మరి మీ అవ్వ వాడలేదా? ఆమెకేం కాలేదే!” నిజమే. ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే దాని జవాబులోనే అసలు సంగతంతా ఉంది. అవ్వ సున్నిపిండి పొడి. నీళ్ళు తగిలేది వాడే నిమిషంలోనే, కాబట్టి దానికి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. అందులో బావంచాలు గుప్పెడు, పెసలు మానెడు. ఒంటికి రుద్దుకుని పది చెంబులు పోసుకునేసరికి కడుక్కుపోతుంది. నేను చేసిందేమిటి? మోతాదు పెంచాను, నూనెలోకి దించాను, కడగకుండా ఎండలోకి పోయాను. అవ్వ చేతిలో కొలతలు లేవని మనం అనుకుంటాం గానీ, ఆమె పద్ధతే కొలత. పద్ధతిలోంచి ఒక్క గింజను ఊడబెరికి వేరే గిన్నెలో వేస్తే ఆ రక్షణ ఏదీ దాని వెంట రాదు. ఇంతా చెప్పి బావంచాల సున్నిపిండి క్షేమమని ముద్ర కూడా వేయను. నా మెడ అద్దంలో చూసుకున్నాక మా ఇంటి పిండిలోంచి అవి తీసేశాను.

పేరు చూసి మోసపోవడానికి ఇంకో ఉదాహరణ మా ఊరి కొండల్లోనే ఉంది. మా మిద్దె మీంచి శేషాచలం కనిపిస్తుంది. ఎర్రచందనం దుంగలు పట్టుబడ్డాయని పేపర్లో చదవని నెల ఉండదు. అంత విలువైంది కాబట్టి మొహానికి కూడా మంచిదే అయి ఉంటుందని, చందనం అన్న పేరుంది కాబట్టి చందనం చేసే పని చేస్తుందని జనం అనుకుంటారు. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములైపోతారా? మంచి గంధం సాంటాలమ్ ఆల్బమ్, దాని నూనెలో శాంటలాల్ అనే పదార్థం వల్ల ఆ వాసన. ఎర్రచందనం టెరోకార్పస్ శాంటలైనస్, చిక్కుడు కుటుంబపు చెట్టు, తూర్పు కనుమల దక్షిణ కొసలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. దానికి వాసన లేదు. ఉన్నదల్లా శాంటలిన్ అనే ఎర్రరంగు, అదీ నీళ్ళలో కరగదు, సారాయిలో కరుగుతుంది. రోజ్‌వాటర్‌తో కలిపి పూసుకుంటే ఎర్రటి మట్టి పూసుకున్నట్టు ఉంటుంది, తువ్వాలుకు మరక అంటుకుంటుంది. చల్లగా అనిపించేది తడి ఆరడం వల్ల. అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచే ఆంక్షలున్న చెట్టు అది. మొటిమల మీద పూసుకోవడానికి దాన్ని వెతుక్కుంటూ పోవాల్సిన పని నాకైతే కనబడదు.

సరే, చెల్లెలి గిన్నె దగ్గరికి వస్తాను. నియాసినమైడ్, విటమిన్ సి రెండూ మచ్చలు తగ్గిస్తాయని డబ్బాల మీద రాస్తారు. అందుకే ఒకదాని బదులు ఇంకోటి అనే ఊహ పుడుతుంది. పని ఒకటే కావచ్చు, గిన్నెలో వాటి ప్రవర్తన మాత్రం ఉత్తరం, దక్షిణం. నియాసినమైడ్ సాధువు. నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, పీహెచ్ 5 నుంచి 7 దాకా హాయిగా ఉంటుంది, 4, 5 శాతం వేసినా క్రీము స్వభావం మారదు. విటమిన్ సి, అంటే అసలు ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం, పేరులోనే ఆమ్లం. నీళ్ళలో 5 శాతం వేస్తే పీహెచ్ రెండున్నర దగ్గరికి పడిపోతుంది. మా చెల్లి క్రీము పీహెచ్ ఐదున్నర. దాంట్లో ఇది పడితే క్రీము విరిగినా విరగొచ్చు, మొహం మండటం మాత్రం ఖాయం. పోనీ సోడా వేసి పీహెచ్ పెంచుదామా? ఆస్కార్బిక్ ఆమ్లం చర్మంలోకి దిగాలంటే పీహెచ్ మూడున్నర కంటే తక్కువ ఉండాలి. పెంచితే అది దిగదు, పైగా గాలికి ఇంకా తొందరగా పాడై పసుపు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. పాలు విరగ్గొట్టి, విరిగిన పాలల్లో కాఫీ కలుపుకున్నట్టు.

అటునుంచి ఇటు కూడా అంతే. ఆమ్లం ఎక్కువున్న ఫార్ములాలో విటమిన్ సి బదులు నియాసినమైడ్ వేసి నెలల తరబడి దాచితే, అందులో కొంత మెల్లగా నికోటినిక్ ఆమ్లంగా మారుతుంది. అది రాసుకుంటే చెంపలు ఎర్రబడి వేడెక్కుతాయి. “నాకు నియాసినమైడ్ పడదు” అనే వాళ్ళలో కొందరికి పడనిది నియాసినమైడ్ కాకపోవచ్చు.

విటమిన్ సి గురించే ఇంకా రెండు ముచ్చట్లు. నిమ్మరసం బదులు వేయొచ్చా అంటారు. లెక్క వేద్దాం. నూరు గ్రాముల నిమ్మరసంలో విటమిన్ సి సుమారు 50 మిల్లీగ్రాములు, అంటే 0.05 శాతం. 10 శాతం సీరం నూరు గ్రాములు చేయాలంటే 10 గ్రాముల విటమిన్ సి కావాలి. దానికి 20 లీటర్ల నిమ్మరసం! మిగతా రసంలో ముఖ్యంగా ఉండేవి నీళ్ళు, సిట్రిక్ ఆమ్లం, దానితోపాటు తొక్కలోంచి దిగే, సోరాలెన్‌కు చుట్టాలైన పదార్థాలు. నిమ్మకాయ పిండిన చేత్తో ఎండలోకి పోతే వేళ్ళ మీద నల్లటి మరకలు పడటం తోట పనివాళ్ళకు తెలుసు. నా మెడ కథే మళ్ళీ, పచ్చడి కాయతో.

రెండోది, మందుల షాపులో దొరికే చప్పరించే మాత్రలు. పిండి చేసి కలిపేస్తారు. వాటిలో చక్కెర, రంగు, నారింజ వాసన ఉంటాయి. చాలా మాత్రల్లో విటమిన్ సిలో ఎక్కువ భాగం సోడియం ఆస్కార్బేట్ రూపంలో ఉంటుంది, ఆమ్లంగా కాదు. నోటికి పుల్లగా, కడుపుకు మెత్తగా ఉండటానికి చేసిన ఏర్పాటు అది, మొహం కోసం కాదు. వాటిని కలిపే నీళ్ళ సంగతి ఇంకోటి. ఆరోగ్యానికి మంచిదని రాగి చెంబులో రాత్రంతా పెట్టిన నీళ్ళతో సీరం కలిపిన ఆవిడ నాకు తెలుసు. విటమిన్ సిని పాడుచేయడంలో నీళ్ళలోకి దిగిన రాగిని మించింది లేదు. రెండు రోజులకే టీ రంగు వచ్చేసింది.

మరి పాడవని విటమిన్ సి రూపాలు లేవా? ఉన్నాయి. సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్ పీహెచ్ 6, 7 మధ్య నిలకడగా ఉంటుంది. దాన్ని కొని, అంగడిలో దొరికే పచ్చటి కలబంద జెల్‌లో 3 శాతం కలిపాను. నిమిషం తిరక్కముందే జెల్ కాస్తా నీళ్ళయిపోయింది. ఎందుకో తెలియాలంటే మీరే చేసి చూడండి. ఒక చెంచా కలబంద జెల్ అరచేతిలో వేసుకుని, మీద చిటికెడు ఉప్పు చల్లి వేలితో కలపండి. గట్టిగా వణుకుతున్న జెల్ కళ్ళముందే జారి మణికట్టు దాటుతుంది. అలాంటి జెల్‌కు ఆ చిక్కదనం చాలావరకు కలబందది కాదు, కార్బొమర్ అనే చిక్కబరిచే పొడిది. దాని పోగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉబ్బి నీళ్ళను పట్టుకుంటాయి. ఉప్పు పడితే ఆ తోపులాట ఆగిపోతుంది. సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్ కూడా ఒక లవణమే. అంటే యాక్టివ్‌ను మార్చినందుకు జెల్‌ను కూడా మార్చాలి. నేను క్సాంథన్ గమ్ అనే ఇంకో చిక్కబరిచే పొడికి మారాను, కాస్త జిగురుగా ఉంటుంది, నిలబడుతుంది. ఇది నేను వడ్డీతో సహా తీర్చిన బదులు.

పీహెచ్ అంటే అంత అర్థం కాని సంగతి కాదు, మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దిష్టి తీసే నీళ్ళు గుర్తు చేసుకోండి. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే రక్తంలా ఎర్రబడతాయి. తెల్ల చొక్కా మీద సాంబారు మరక సబ్బు తగలగానే ఎర్రబడటం కూడా అదే. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో రంగు మారుస్తుంది, పదో తరగతి పుస్తకంలో సూచిక అని రాసింది దీన్నే. మా ట్యూషన్ పిల్లలకు ఈ పాఠం దిష్టి నీళ్ళతోనే చెప్తాను. కాబట్టి మీ పసుపు ప్యాక్‌లో నిమ్మరసం బదులు వంట సోడా వేసినప్పుడు అది నారింజ రంగుకు తిరిగిందంటే, గిన్నె మీకు ఏదో చెబుతోంది. చర్మం పీహెచ్ 5 అటూ ఇటూ. సోడాది 8 దాటి. మెరుపు రాలేదని ఇంకో చెంచా వేయకండి.

ఇంతకంటే కంటికి కనబడని అప్పు ఇంకోటుంది, నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే. ఒక ఎండాకాలం నేను మొహం కడిగాక తుడుచుకునే లాక్టిక్ ఆమ్లం టోనర్‌లో ఆమ్లం తీసేసి నియాసినమైడ్ వేశాను. మిగతావన్నీ పాతవే, ప్రిజర్వేటివ్‌గా వేసిన సోడియం బెంజోయేట్ కూడా అదే తూకం. పన్నెండో రోజు సీసా వెలుగుకు పెట్టి చూస్తే అడుగున దూదిపింజ లాంటిది తేలుతోంది. బూజు. ప్రిజర్వేటివ్ ఉంది కదా, ఎట్లా వచ్చింది? సోడియం బెంజోయేట్ సూక్ష్మజీవుల్ని చంపేది బెంజోయిక్ ఆమ్లంగా ఉన్నప్పుడే. పీహెచ్ 4.2 దగ్గర సగం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 5కు వచ్చేసరికి నూటికి 14 పాళ్ళే. 6 దగ్గర ఒకటిన్నర పాలు. నా పాత టోనర్ పీహెచ్ 4, కొత్తది 6. నేను మార్చింది యాక్టివ్‌నే అనుకున్నాను, కాపలావాణ్ణి కూడా నిద్రపుచ్చాను. అదృష్టం ఏమిటంటే బూజు కంటికి కనబడింది. బ్యాక్టీరియా చాలాసార్లు అంత మర్యాద చూపించదు, నీళ్ళు తేటగానే ఉంటాయి. మే నెలలో మా ఊళ్ళో వంటింటి గట్టు కూడా వేడిగా ఉండే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఈ సందర్భంలోనే చెప్పాలి, విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు. నూనె ముక్కిపోకుండా ఆపుతుంది, నీళ్ళలో పెరిగే జీవుల్ని ఆపదు. గుళికలు గుచ్చి రెండు చుక్కలు పిండితే క్రీము ఆరు నెలలుంటుందని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అయితే బదులు వేయడమే తప్పా అంటే, కాదు. పండుమిరప లేకపోతే ఎండుమిరపతో పచ్చడి చేసే ఇంట్లో పుట్టాను, నీళ్ళూ ఉప్పూ సర్దుకుంటే అదీ బాగానే ఉంటుంది. సర్దుబాటు చేస్తేనే బదులు. గ్లైకాలిక్ బదులు లాక్టిక్ మంచి మార్పు, చాలామందికి ఇంకా నయం కూడా. లాక్టిక్ అణువు కొంచెం పెద్దది, నింపాదిగా దిగుతుంది, చురచుర తక్కువ. పైగా రెండింటి ఆమ్ల స్వభావం దాదాపు ఒకటే, కాబట్టి పీహెచ్, ప్రిజర్వేటివ్ పెద్దగా కదలవు. కదిలేది తూకం. గ్లైకాలిక్ సాధారణంగా 70 శాతం ద్రావణంగా వస్తుంది, లాక్టిక్ 88, 90 శాతంగా. నూరు గ్రాములకు 5 శాతం గ్లైకాలిక్ కావాలంటే 7.1 గ్రాముల ద్రావణం. అదే 7.1 గ్రాములు 90 శాతం లాక్టిక్ పోస్తే 6.4 శాతం అయిపోతుంది. పోయాల్సింది 5.6 గ్రాములే. మిగిలిన గ్రామున్నర చోట నీళ్ళు. ఈ చిన్న గుణకారం చేయడానికి ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు, చెంచాలు పక్కన పెట్టి కాటా తీస్తే చాలు. పెరుగులో లాక్టిక్ ఉంది కదా అంటే, ఉంది, ఒక శాతం లోపు. మొహానికి మెత్తదనం ఇస్తుంది, అది పొట్టు ఒలిచే పీల్ కాదు.

మొటిమలకు వాడే సాలిసిలిక్ ఆమ్లం మటుకు ఈ లెక్కకు లొంగదు. లాక్టిక్ బదులు దాన్ని నీళ్ళలో వేస్తే వేడి మీద కరిగినట్టే కనిపించి, చల్లారాక అడుగున సూదుల్లా పేరుకుంటుంది. నీళ్ళలో అది కరిగేది 0.2 శాతమే. ఆ సూదుల్ని గుర్తించక మొహానికి రుద్దుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఆస్పిరిన్ మాత్ర దంచి వేద్దామంటే, అది సాలిసిలిక్‌కు తమ్ముడే గానీ సాలిసిలిక్ కాదు.

సన్‌స్క్రీన్ గురించి ఒక్క మాటే. బదులూ వద్దు, ఇంట్లో చేయడమూ వద్దు. ఎస్పీఎఫ్, అంటే ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె, వంటింట్లో కొలవలేం, తేడా వచ్చినట్టు తెలిసేది కాలాకే.

తనకోసం కలుపుకునేవాళ్ళ తప్పు తన చర్మంతో పోతుంది. అమ్మేవాళ్ళ దగ్గర నాకు ఓపిక తక్కువ. సొంత క్రీములు డబ్బాల్లో పోసి వాట్సాప్‌లో అమ్ముకోవడం ఇప్పుడు వీధికొకరు చేస్తున్నారు. ఆడవాళ్ళు నాలుగు డబ్బులు సంపాదించుకుంటే సంతోషమే. కానీ అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు కావాలి, ఆ సంగతి చాలామందికి తెలియదు. అంతకంటే ఘోరం ఇంకోటి. మా బంధువుల్లో ఒకామె కొన్న “మూలికల” క్రీముతో వారంలో మొహం తెల్లబడింది. మానేయగానే మంట, ఎర్రటి దద్దుర్లు, చెంపల మీద సన్నటి రక్తనాళాలు. అందులో కలిపింది మందుల షాపు స్టెరాయిడ్ ట్యూబు అని తర్వాత తేలింది. కుంకుమపువ్వు బదులు స్టెరాయిడ్! డాక్టరు చీటీ లేకుండా ఆ ట్యూబులు అమ్మకూడదని 2018లోనే కేంద్రం వాటిని షెడ్యూల్ హెచ్ కిందికి గట్టిగా తెచ్చింది. అయినా చేతికి అందుతూనే ఉన్నాయి. వారంలో ఫలితం చూపించే ఇంటి క్రీము దొరికితే సంబరపడకండి, అనుమానించండి.

ఆ రాత్రి ఫోనులో ఇదంతా చెప్పలేదు లెండి. చెల్లికి చెప్పింది ఒక్కటే.

“దాని బదులు నీళ్ళు పొయ్యి.”

“ఏం నీళ్ళు?”

“ఉత్త డిస్టిల్డ్ వాటరు. నియాసినమైడు అయిదు గ్రాములు ఎయ్యాల్సిన కాడ అయిదు గ్రాముల నీళ్ళు. నూటికి నూరు కావాల, అంతే.”

“మరి దాంట్లో ఏముంటాది ఇంక?”

ఆ మాట నాకు నవ్వు తెప్పించింది, కోపమూ తెప్పించింది. నూనె, గ్లిజరిన్, నీళ్ళు సరిగ్గా కలిసిన క్రీము చర్మంలో తేమ పోకుండా ఆపుతుంది, పగుళ్ళు మాన్పుతుంది. పొడిచర్మానికి సగం వైద్యం అదే. యాక్టివ్ అనే మాట వచ్చాక మిగతావన్నీ తీరిగ్గా కూర్చున్నాయనుకుంటున్నాం. దొరకని సరుకుకు బదులు ఏదో ఒకటి పడాల్సిందేనని ఏ ఫార్ములా అడగదు, మన చేతి దురద అడుగుతుంది. నా అనుభవంలో పదిసార్లకు ఆరుసార్లు మంచి ప్రత్యామ్నాయం నీళ్ళే.

“అయిదు గ్రాములని ఎట్ల కొలిచేది అక్కా? చెంచాతోనా?”

ఇన్నాళ్ళూ ఆమె అంతా చెంచాతోనే కొలుస్తోందని అప్పుడు తెలిసింది. ఇంకేం మాట్లాడతాను. ఆ శనివారం కొండకు పోతూ పోతూ ఇంటికి వచ్చింది, డబ్బాలో పట్టుకొచ్చిన క్రీము చూపించింది. బాగానే కుదిరింది. తిరిగి పోయేటప్పుడు గడపలో చెప్పులు వేసుకుంటూ, నా డిజిటల్ కాటా వంక చూసి, “అక్కా, ఇది ఒక వారం బదులిస్తావా?” అంది.

మూడు వారాలైంది.